మూడో మంచం మానిటర్

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ముసలితనంలో దిద్దాను, కూడబలుక్కుని నిదానంగా రాస్తున్నాను.

గుండె జబ్బుల వార్డులో రాత్రి ఆయా మూడో మంచం తుడుస్తోంది. రోగి సాయంత్రమే ఇంటికి వెళ్ళిపోయాడు. వైర్లు ఎవరి ఒంటికీ అంటకుండా వేలాడుతున్నాయి. అయినా మానిటర్ మోగుతోంది. మూడుసార్లు మోగి, ఒకటి మింగి, మళ్ళీ మూడు.

ఆయా చేతిలో గుడ్డ ఆగిపోయింది. అది చనిపోయిన తన పెనిమిటి గుండె నడక. ముప్పై ఏళ్ళు ఆ ఛాతీకి చెవి ఆనించి పడుకున్న మనిషి పోల్చుకోలేదా? "ఆ ఒక్కటీ ఎక్కడ దాస్తున్నావయ్యా?" అని అడిగితే, "నీకేనే, ముందుముందు పనికొస్తుంది" అని నవ్వేవాడు.

నర్సమ్మ తలుపులోంచి తొంగి చూసింది.

"పాత మిషను పెద్దమ్మా, దానికీ చాదస్తం వచ్చింది. ఆపేసి పక్క సర్దు. కొత్త పేషెంటు లిఫ్టులో ఉన్నాడు."

ఆయా స్విచ్ మీద వేలు పెట్టింది. ఆపితే ఆయన రెండోసారి పోయినట్టే. ఇంతలో ఆ మోత నెమ్మదించింది, పని నుంచి వచ్చి నడుం వాల్చినప్పటిలా.

ఆమె వేలు తీసేసి దుప్పటి పైకి లాగింది.

"కొత్తాయన్ని నాలుగో మంచం మీదికి తీసుకెళ్ళమ్మా," అంది గొంతు తగ్గించి. "ఈయనకి ఇప్పుడే కునుకు పట్టింది."

ఇట్లు, పెద్దమ్మ. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉండేది ఆసుపత్రి వెనక వీధిలో, మనవరాలి దగ్గర.