అరగని మడమ

అప్పటికి గోదాముల్లో ఆదివారాలు లేవు. చెప్పు మడమకు బిగించిన రబ్బరు అరిగి, లోపలి ఎర్ర పొర తేలితేనే ఆ మనిషికి ఒకరోజు సెలవు. రాయికేసి రుద్దినా, కత్తి పెట్టి చెక్కినా గేటు దగ్గరి మిషను పట్టేసేది.

చెప్పులు కుట్టే ఏలియా భార్య కరుణమ్మ అలాంటి ఒక గోదాములోనే పొద్దంతా నడిచేది. ఆమె మడమల నొప్పి చూడలేక ఏలియా ఏడాదిపాటు తంటాలుపడి మెత్తటి రబ్బరు మడమ పోతపోశాడు. ఎర్ర పొర కూడా మరవకుండా పెట్టి, పాతది ఊడదీసి బిగించాడు.

నాలుగు నెలలు గడిచాక ఒక సాయంత్రం ఆమె వచ్చి గడపలోనే కూలబడింది.

"ఏమ్మే, మళ్లీ నొప్పా?"

"నొప్పి లేదయ్యా, దూది మీద నడిచినట్టుంది. కానీ ఇది అరిగి చావదే! పదిహేను రోజులకోసారి దొరికే సెలవు నాలుగు నెలల్నించీ లేదు. ఒళ్లు హూనమైపోయింది."

ఏలియా ఆమె చెప్పు తీసుకుని మడమను వేలితో తడిమాడు. మన్నికే పనితనమని తాత దగ్గర నేర్చిన చెయ్యి అది.

"ఇది అరగడం లేదని మా మేస్త్రీ కూడా చూశాడు. ఎల్లుండి నించి అందరికీ ఇదేనంట, నీ అచ్చూ, రబ్బరు కలిపే పాళ్లూ తెమ్మన్నాడు. ఆడోళ్లంతా నిన్ను తిట్టిపోస్తన్నారు."

"నేనియ్యనని చెప్పు."

"నువ్వియ్యకపోతే ఇంకోడు చేసిస్తాడు. ఇచ్చెయ్. మెత్తగానే ఉండాల, పదిరోజులకే అరగాల. చాతనవుద్దా?"

ఏలియా లేచి, పొయ్యి మీద కరుగుతున్న రబ్బరులో, తొందరగా అరిగేలా గుప్పెడు పొట్టుబూడిద కలిపాడు. చాలదనిపించింది. కళ్లు మూసుకుని ఇంకో గుప్పెడు వేశాడు.