కొవ్వొత్తి తాత

"ఇంకాసేపు ఆగండి నాయనా" అన్నాడు కొవ్వొత్తి తాత, తొట్టి గట్టు మీద అడ్డంగా కూర్చుని.

"ఎంతసేపు?" అన్నాడు మేస్త్రీ.

"ఇది ఆరకుండా ఉండేదాకా."

తాడు కట్టిన రేకుడబ్బాలో కొవ్వొత్తి వెలిగించి తొట్టిలోకి దింపాడు. సగం లోతుకైనా పోకముందే అది ఆరిపోయింది. పైకి లాగి మళ్ళీ వెలిగించాడు.

ఆయనెవరో ఆ వైన్ ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీ చేతులు మారి చాలాకాలమైంది, పాత పనివాళ్ళెవరూ మిగల్లేదు. ఏటా ద్రాక్ష కోతల రోజుల్లో మాత్రం ఎక్కణ్ణుంచో ఊడిపడతాడు. జీతం లేదు, పిలిచినవాళ్ళు లేరు. పైగా వైన్ చుక్క ముట్టడు. ఊరికే వచ్చేవాడు తాగడానిక్కూడా కాకపోతే మరెందుకొస్తాడని అందరూ తలలు బద్దలుకొట్టుకుని, చివరికి బుర్ర చెడిందని తేల్చేశారు.

బయట ద్రాక్ష లారీ ఎండలో నిలబడి ఉంది. పెట్టెల మీద గ్రెనాష్ అని రాసుంటుంది గానీ, పనివాళ్ళు ఎండద్రాక్ష అంటారు. మిగతా ద్రాక్షలు వాడిపోయే ఎండలో ఇది తీపెక్కుతుంది. దాని వైన్ చూడ్డానికి పల్చటి ఎరుపు, పాపం ఏమీ తెలియనట్టే ఉంటుంది. రెండో గ్లాసుకి మనిషిని గోడకి ఆనిస్తుంది.

తీపి ఎంత ఎక్కువైతే, పులిసేటప్పుడు పుట్టే విషగాలి అంత ఎక్కువ. అది కంటికి కనపడదు, వైన్ వాసనలో కలిసిపోతుంది, తొట్టి అడుగునుంచి పైకి పేరుకుంటుంది, అందులో దీపమూ నిలవదు, మనిషీ నిలవడు. ఈ సంగతి అక్కడ అందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. కానీ బయట లారీవాడు హారన్ మోగిస్తున్నాడు.

తొట్టిలో వైన్ అప్పటికే తోడేశారు. అడుగున తొక్కల పిప్పి మిగిలింది. దాన్ని పారలతో ఎత్తిపోస్తేగానీ కొత్త కాయ పోయడానికి చోటు లేదు. ఎత్తిపోసేవాళ్ళు అన్నదమ్ములు. తండ్రి పోయాక తమ్ముణ్ణి అన్నే పెంచాడు. కళ్ళముందే ఉంటాడని ఈ ఏడు తన పక్కనే పనిలో పెట్టుకున్నాడు.

"తాతా, దింపితే ఆరుతుంది, తీస్తే వెలుగుతుంది. అగ్గిపెట్టెలు అయిపోతున్నాయిగానీ నీ ముచ్చట తీరడం లేదు" అన్నాడు తమ్ముడు.

తాత నవ్వలేదు. "మీ ఇద్దరిలో పెద్దవాడెవరు?"

"నేను" అన్నాడు అన్న.

"అయితే వాణ్ణి గట్టిగా పట్టుకుని కూర్చో."

మేస్త్రీకి ఓపిక నశించింది. "ముందీయన్ని బయటికి పంపండ్రా. కాయంతా లారీలోనే పులిసిపోయేలా ఉంది."

అన్నే తాతని చంకల కింద చేతులు వేసి లేపాడు. పిట్టంత బరువు. గేటు బయటిదాకా నడిపించి, "మా పొట్టమీద కొట్టకు తాతా, వెళ్ళు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

తిరిగొచ్చేసరికి తొట్టిలో నిచ్చెన వేసి ఉంది. గట్టు మీద తమ్ముడు లేడు.

అన్న తొంగిచూశాడు. తమ్ముడు పిప్పి మీద బోర్లా పడి ఉన్నాడు.

"ఇప్పుడే దిగాడు. కాలు జారినట్టుంది" అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఆయనకే నమ్మబుద్ధి కాలేదు.

అన్న నిచ్చెన మీద కాలు పెట్టాడు. వెనకనుంచి రెండు చేతులొచ్చి నడుముని చుట్టేశాయి. గేటు దగ్గర్నుంచి ఎలా పరుగెత్తుకొచ్చాడో, తాత.

"దిగకు. దిగితే నువ్వూ లేవవు. ఎవరైనా కొక్కెం తెండి, పైనుంచే లాగండి."

"వదులు తాతా. వాడు నా తమ్ముడు."

"తెలుసు. దిగకు."

అన్న మోచేత్తో పొడిచాడు. తాత వదల్లేదు. పిడికిలి బిగించి మొహం మీద గుద్దాడు. వదల్లేదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వెనక్కి తోస్తే ఇద్దరూ కలిసి పడ్డారు, తాత తల గచ్చుకి కొట్టుకుంది. అప్పటికీ ఆ చేతులు ఊడలేదు.

ఈలోగా మేస్త్రీ, మిగతావాళ్ళు కొక్కెం వేసి తమ్ముణ్ణి పైకి లాగారు. ఊపిరి లేదు.

తమ్ముణ్ణీ తాతనీ అదే లారీలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తమ్ముడు దారిలోనే పోయి ఉంటాడన్నారు. తాతకి స్పృహ లేదు, మంచం మీద పడుకోబెట్టారు.

"నువ్వు దిగుంటే ఇద్దరూ పోయేవాళ్ళు" అన్నాడు డాక్టర్.

అన్న చెవికెక్కలేదు. "నన్ను వదిలుంటే తెచ్చేవాణ్ణి" అని కనపడినవాళ్ళందరికీ చెప్పాడు. తమ్ముణ్ణి సాగనంపుతూ కూడా అదే చెప్పాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ ముసలాయన కళ్ళు తెరిచుంటే మొహం మీదే అడగాలని.

మంచం మీద తాతకి మొహం మీదిదాకా దుప్పటి కప్పేశారు. పక్కన స్టూలు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది.

"మీకేమవుతారు?"

"మా ఆయన."

అన్న గొంతులో మాట ఆగలేదు. "నా తమ్ముణ్ణి కాపాడుకోనివ్వలేదమ్మా. ఎంత కొట్టినా వదల్లేదు."

"వదలడు" అందామె.

అతన్ని కిందినుంచి పైదాకా చూసింది, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు. కోపం లేదు ఆ చూపులో. అందుకే అతనికి భయం వేసింది.

"ఆ ఫ్యాక్టరీ అప్పట్లో మాదే నాయనా" అంది నెమ్మదిగా. "ఆ తొట్టి ఆయన కట్టించిందే. అందులో మా పెద్దాడు పడిపోతే, వెళ్ళి అన్నని తీసుకురారా అని మా చిన్నాణ్ణి దింపిందీ ఆయనే."