మంచి కాలు

వెరెనా అరుపులు మొదలవగానే ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టు వాళ్లు తలుపు మూసుకునేవారు.

లోపల బల్ల మీద ఆమె బోర్లా పడుకుని ఉండేది. ఆమె ఎడమ మోకాలిని వంచేది ఎవరో కాదు, కన్నతండ్రి వెండెలిన్. స్కీయింగ్‌లో పడి మోకాళ్లు పోగొట్టుకున్న వాళ్లకు ఫిజియోథెరపీ చేయడం ఆయన వృత్తి. మా లోయలో దెబ్బతిన్న ప్రతి మోకాలూ చివరికి ఆయన చేతికే వస్తుంది. ఎంత మొండిదైనా ఆయన దగ్గర వంగి తీరాల్సిందే.

కిందటి ఫిబ్రవరిలో స్కీ పందెంలో కిందపడి వెరెనా ఎడమ మోకాల్లో లిగమెంటు తెగింది. ఇన్స్‌బ్రుక్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి పంపారు. జాతీయ జట్టులో ఆమె చోటు జనవరి దాకానే ఉంచుతామన్నారు. జనవరిలో మా కొండ మీదే పెద్ద పందెం. అందులో దిగితే ఆ చోటు ఆమెది. దిగకపోతే పక్క లోయ పిల్ల మార్లీస్‌ది. పక్క లోయకు ఏదైనా పోయిందంటే మావాళ్లకు తల కొట్టేసినట్టే.

దిగడానికి జట్టు డాక్టర్ ఒప్పుకోవాలి. ఆయన పరీక్ష ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు. మొదట మంచి కాలి మీద గెంతమంటాడు. తర్వాత దెబ్బతిన్న కాలి మీద. ఎవరి మంచి కాలు వాళ్లకు కొలబద్ద. రెండో గెంతు దూరంలో మొదటిదానికి ఇంచుమించు సమానంగా రావాలి. లేదంటే ఇంటికి పొమ్మంటాడు.

వెండెలిన్ కూడా ఒకప్పుడు ఆ జట్టు గుమ్మం దాకా వెళ్లి, మోకాలి దెబ్బతో తిరిగొచ్చినవాడే. అందుకేనేమో కూతురి మీద జాలన్నదే లేకుండా పోయిందని ఊళ్లో చెప్పుకునేవారు. ఆయన అక్క ఎర్నా అయితే మొహం మీదే అనేసింది. ఆ రోజు సూప్ గిన్నె తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టింది.

"గొడ్డుక్కూడా నొప్పి తెలుస్తుందిరా. అది నీ కూతురు."

"కూతురు కాబట్టే అక్కా. ఇవాళ నేను ఏడిపించకపోతే జనవరిలో అదే కూర్చుని ఏడుస్తుంది."

ఆయన ముద్దుమురిపాలన్నీ కుడికాలికే దక్కాయి. దాన్ని కంటికి రెప్పలా కాచుకున్నాడు. చంకకర్రలు మానేయొచ్చని ఇన్స్‌బ్రుక్ వాళ్లు చెప్పాక కూడా మాననివ్వలేదు. ఇంట్లో మెట్లెక్కాలంటే అంత పిల్లనీ వీపున మోసుకెళ్లేవాడు. కసరత్తు సైకిలుకు కుడి పెడల్ ఊడదీసి, ఆ కాలు చాపుకోవడానికి స్టూలు వేశాడు. సాయంత్రం కాగానే ఉన్ని శాలువా చుట్టి దాన్ని దిండు మీద పెట్టేవాడు.

కుడికాలితో కూడా బరువులు ఎత్తుతానని వెరెనా ఒకసారి మొండికేసింది. ఆయన కసురుకోలేదు. ఆమె పాదం ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ నీ బరువంతా ఇదొక్కటే మోసింది తల్లీ. దీనికీ ఏమన్నా అయితే మనకింకేం మిగులుద్ది?"

అది విని ఎర్నాకు కళ్లు చెమర్చాయి. రాయిలాంటి తమ్ముడిలోనూ తండ్రి ఉన్నాడని ఆమె పని కట్టుకుని ఊరంతా చెప్పింది. ఊరు కూడా కాస్త మెత్తబడింది.

డిసెంబరులో జట్టు డాక్టర్ హాస్లింగర్ వచ్చాడు. బడి వ్యాయామశాలలో నేల మీద టేపు అతికించాడు. కిటికీల దగ్గర సగం ఊరు మూగింది. మార్లీస్ వాళ్ల నాన్న కూడా ఏదో పనున్నట్టు వచ్చి ఓ మూల నిలబడ్డాడు.

వెరెనా కుడికాలి మీద గెంతింది. తర్వాత ఎడమకాలి మీద గెంతింది. డాక్టర్ వంగి చూశాడు. నమ్మలేక మళ్లీ గెంతమన్నాడు. మళ్లీ అంతే వచ్చింది. ఒక గీత పక్కనే ఇంకో గీత, వేలెడు తేడా కూడా లేదు.

"ఇంత సమానంగా రావడం నేనెప్పుడూ చూళ్లేదు వెండెలిన్ గారూ. మీ చేతులకు దణ్ణం పెట్టాలి."

మార్లీస్ వాళ్ల నాన్న ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఎర్నా తమ్ముణ్ణి పట్టుకుని బావురుమంది. నిన్ను కసాయి అన్నాను, నా నోరు పడిపోనూ అంది. ఆయన ఆమె వీపు నిమిరాడు. ఆ పూట ఊరి బీరు కొట్టులో ఎవరూ ఆయన చేత డబ్బు ఇవ్వనివ్వలేదు.

ఆ తర్వాత శిక్షణలో వెరెనా మెల్లగా, పైపైన దిగింది. తెలివైన పిల్ల, కాళ్లను పందెం కోసం దాచుకుంటోందని కోచ్ మెచ్చుకున్నాడు.

పందెం రోజు మంచు గాజులా గడ్డకట్టింది. మొదటి మలుపు దాటితే నిలువు గోడ దిగినట్టే. వెరెనా కన్నా ముందు దిగి పడిపోయిన అమ్మాయిని హెలికాప్టర్‌లో తీసుకెళ్లారు. కింద జనం ఆవు గంటలు మోగిస్తూ వెరెనా పేరు అరుస్తున్నారు.

జట్టుతో పాటు వెండెలిన్‌నూ పైకి రానిచ్చారు. ఆయన మంచులో మోకరిల్లి ఆమె రెండు మోకాళ్లూ రుద్దాడు. వెరెనా వంగి ఆయన చెవిలో చెప్పింది.

"రెండూ ఒకేలా ఉన్నాయి నాన్నా. దెబ్బ తగిలింది దేనికో నాకే తెలియట్లేదు."

ఆయన ఆమె హెల్మెట్‌ను ముద్దు పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. బయలుదేరమని సంకేతం వచ్చింది. ఆమె దూకింది.

ఎడమకాలు ఇక ఎన్నటికీ కుడికాలంత బలపడదని వేసవిలోనే తేల్చుకున్న వెండెలిన్, కుడికాలినే ఎడమకాలంత చేసిపెట్టాడు.