తట్టుకునే రకం

వాన మొహమెరగని మా పెరట్లో, అత్తయ్య పెంచే కలబంద తొట్టెలో నేను చెంబుడు నీళ్ళు గుమ్మరిస్తుండగా మామయ్యగారు నన్ను పట్టేసుకున్నారు.

"రోజూ నీళ్ళు పోస్తే అది కుళ్ళి చస్తుందమ్మా."

"తెలుసండీ," అన్నాను. ఇక దాచి లాభమేముంది? రోజూ పొద్దున్నే దాని గుజ్జు తీసి మామయ్యగారి గొంతులో, నా గొంతులో పోస్తుంది అత్తయ్య. ఆ చేదు మధ్యాహ్నం దాకా నాలుకను వదలదు.

ఆయన అటూ ఇటూ చూశారు.

"ఆ మూల తొట్టె జోలికి మాత్రం రాకు. దాని సంగతి నేను చూస్తున్నా. రోజులు దగ్గరపడ్డాయి."

మర్నాడు అత్తయ్య మా ఇద్దర్నీ నర్సరీకి లాక్కెళ్ళింది. నర్సరీ అతను ఎండకు తట్టుకునే కలబంద రకాలు చూపించాడు.

"ఎండ సంగతి వదిలెయ్ బాబూ. ఈ ఇద్దరు దొంగలు పోసే నీళ్ళకి తట్టుకునే రకముందా? చేదు ఎంతున్నా ఫర్వాలేదు, తాగుతారు."