ఏ సలీం?

నోటీసు మూడోసారి చదివేసరికి జిలానీకి ఒళ్ళు మండిపోయింది. పదిహేను రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఆపేయాలట. లేకపోతే కోర్టుకీడుస్తారట.

జగ్గయ్యపేటలో అతనిది చిన్న నెట్ సెంటరు. లారీ ఆఫీసులకీ, సిమెంటు డీలర్లకీ వెబ్‌సైట్లు చేసిపెడతాడు. సైటుకి అడిగిన డొమైన్ పేరు అప్పటికే ఎవరో తీసేసుకుని ఉంటే, అతను రాసుకున్న సాఫ్ట్‌వేర్ దానికి ఊరి పేరు తగిలించి మళ్ళీ వెతుకుతుంది. అంతే, బ్రహ్మవిద్యేం కాదు. అలా వెతికే పద్ధతి మీద పేటెంటు తమదని ఎక్కడి కంపెనీయో అంటోంది. అది ఆగితే సెంటరు మూసుకోవాల్సిందే. జిరాక్సుల మీద ఇల్లు గడవదు.

ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. మెయిల్ పెడితే మిషన్ జవాబిచ్చింది.

సంగతి తెలియగానే చెల్లెలు రిజ్వానా సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి సెలవు పెట్టి హైదరాబాదు నుంచి వచ్చేసింది. నోటీసు ఇలా చూసి అలా పక్కన పెట్టేసింది.

"కాస్త సరిగ్గా చదవవే" అన్నాడు జిలానీ విసుగ్గా.

"అర్థమైందన్నా."

ఇద్దరూ నందిగామ బస్సెక్కారు. దారిపొడుగునా అతను తిడుతూనే ఉన్నాడు.

"నోటీసిచ్చినవాళ్ళు కనిపెట్టింది కాదండి ఇది" అన్నాడు లాయరు ప్రేమానందం. "వేరే కంపెనీ దగ్గర కొన్నారు. పేటెంట్లు కొనడం, చిన్నవాళ్ళని బెదిరించడం. అదే వాళ్ళ వ్యాపారం."

"ఇందులో కనిపెట్టడానికేముందండి? సలీం కావాలంటే, ఏ సలీం, కీసర సలీమా ముక్త్యాల సలీమా అని మా ఆటోస్టాండులో ఎవరైనా అడుగుతారు. దానికి పేటెంటేంటి?"

"మన వాదనా అదే. కాకపోతే ఆ పేటెంటు కొట్టేయించడానికి ఏళ్ళు పడుతుంది."

"అప్పటిదాకా ఏం తినమంటారండి?"

లాయరు నోటీసు మడిచి ఫైల్లో పెట్టాడు.

"ఇది నా బుర్రలో పుట్టిందని సంతకం పెట్టినవాడికి సిగ్గుండాలి" అన్నాడు జిలానీ.

రిజ్వానా మంచినీళ్ళు అడిగింది. తాగి, "పెద్ద కంపెనీల్లో అంతేనన్నా. ఏడాదికో కొత్త ఐడియా ఇచ్చి తీరాలంటారు. పేటెంటు కోసం ఉద్యోగులు ఏదో ఒకటి రాసిచ్చేస్తారు" అంది.

"రాసిచ్చేస్తే? ఇక్కడ నా కడుపు కొట్టినట్టు కాదా?" లాయరు వైపు తిరిగాడు. "వాడి పేరుంటుందాండి అందులో?"

"ఉంటుంది. పేటెంటు కాపీ పొద్దున్నే తీయించా, పేరు నేనింకా చూడలేదు."

"పేరుతో మనకేం పనన్నా. బస్సుకి టైమవుతోంది" అంది రిజ్వానా.

"పనుంది. వాడింటికెళ్ళి అడుగుతా. చదవండి."

ప్రేమానందం కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ తీసి, కనిపెట్టినవారి పేరూ అడ్రసూ నింపాదిగా చదివాడు: "షేక్ రిజ్వానా, కేరాఫ్ షేక్ జిలానీ, జగ్గయ్యపేట."