కువైటు అతిథి

"ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి బాబుగారూ, ఒకే ఒక్క మాట!" అంటూ ప్రశాంతి అడ్డంగా కట్టిన తాడు కిందనుంచి దూరబోయింది.

"సెల్ఫీలు తర్వాతమ్మా! ముందు ఆళ్ళని స్టాల్సు చూడనివ్వండి," అని బంగారరాజు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. అమలాపురంలో కొబ్బరి ఎక్స్‌పో పెట్టిన కమిటీకి ఆయనే పెద్ద. పొద్దుటినుంచి జనాన్ని ఇలాగే వెనక్కి తోస్తున్నాడు పాపం.

"నాకు సెల్ఫీ వద్దండీ. మా అమ్మ గురించి అడగాలండీ."

"మీ అమ్మ గురించి ఫుట్‌బాల్ ప్లేయర్ని అడగడమేంటమ్మా?" అని నవ్వేసి ఆయన అటు తిరిగిపోయాడు.

నవ్వడా మరి! ఆయనకేం తెలుసు?

ప్రశాంతి ఐదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ వీరాయమ్మ కువైటు వెళ్ళింది. అక్కడ ఓ గొప్పింట్లో పసిబిడ్డను పెంచే పని. ఆ బిడ్డ పేరు ఫహద్. ఫోన్ చేసినప్పుడల్లా వాడి ముచ్చట్లే. వాడు ఆవకాయన్నం తిన్నాడు, వాడు బంతి తన్ని అద్దం పగలగొట్టాడు, వాడు నాతో తెలుగులోనే మాట్లాడతాడు. ఇక్కడ జ్వరంతో మూలుగుతూ ఆ కబుర్లు వింటుంటే ప్రశాంతికి ఒళ్ళు మండిపోయేది. తన నోటి దగ్గర ముద్ద వాడు లాక్కున్నట్టే ఉండేది. "నీకు వాడే ముద్దు, నేనక్కర్లేదు" అని ఫోన్ పెట్టేసిన రోజులు కూడా ఉన్నాయి.

నాలుగేళ్ళ కిందట ఆ ఫోన్లు ఆగిపోయాయి.

అమ్మ నంబరు పలకలేదు. ఆ ఇంటి నంబరూ పలకలేదు. పంపిన ఏజెంటు రాజోలులో ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయాడు. ప్రశాంతి ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఎవరిని అడిగినా "అక్కణ్ణించి జవాబు రావాలమ్మా" అనేవారే. బతికుందనుకుని ఎదురుచూడాలా, పోయిందనుకుని దీపం పెట్టాలా? అది తేలక ప్రశాంతి ఇంట్లో ఒక్కరికీ అన్నం సహించేది కాదు.

అలాంటిది, మొన్న డ్వాక్రా సంఘం తరఫున కొబ్బరి పీచుతో నేసిన కాళ్ళ పట్టాలు అమ్ముకోడానికి ఎక్స్‌పోకి వచ్చి, గేటు దగ్గర ఫ్లెక్సీ చూసింది. కొబ్బరి కొనే కువైటు కంపెనీ వాళ్ళు తమ దేశపు ఫుట్‌బాల్ ఆటగాళ్ళను ముగ్గుర్ని అతిథులుగా తీసుకొస్తున్నారు. మధ్యలో ఉన్నవాడి మొహం ఆమెకు తెలుసు. అమ్మ పంపిన ఫోటోల్లో ఏటేటా ఎదుగుతూ వచ్చిన మొహం. కింద పేరు కూడా ఉంది. ప్రశాంతి ఆ పేరు వేలితో తడుముతూ రెండుసార్లు చదువుకుంది.

ఇప్పుడు వాడు కూతవేటు దూరంలో ఉన్నాడు. సాయంత్రం విమానానికి వెళ్ళిపోతాడు. వీడు గానీ చేజారితే, అమ్మ జాడ చెప్పే మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు దొరకడు.

ఇసకేస్తే రాలని జనం. స్టేజీ మీద మిగతా ఇద్దరూ తలలతో బంతి ఆడిస్తుంటే ఈలలు మోగిపోతున్నాయి. ఫహద్ మనసు మాత్రం ఆటలో లేదు. వాడి చూపు ఒకచోట నిలవడం లేదు. ఆడవాళ్ళ వైపు చూడడం, తల తిప్పుకోవడం, మళ్ళీ చూడడం.

దొంగచూపులు, అనుకుంది ప్రశాంతి. చేసిన పాపం కుదురుగా ఉండనిస్తుందా? అమ్మని గదిలో పెట్టి తాళం వేశారో, ఏం చేశారో!

"ఆ మధ్యలో కుర్రోడు ఎంత మంచోడనుకున్నారండీ! అమలాపురం అనగానే పైసా అడక్కుండా ఒప్పేసుకున్నాడంట," అని బంగారరాజు పక్కవాళ్ళతో గొప్పగా చెబుతున్నాడు.

ఆ మాటకు ఆమెలో ఆశ లేచి కూర్చుంది. ఒకవేళ అమ్మే పంపిందేమో? మంచాన పడి, ఏదైనా కబురు చెప్పి పంపిందేమో? ఏదైతే అదైంది. ఆఖరికి చచ్చిపోయిందన్నా సరే, ఆ మాట వీడి నోట వినాలి.

ఇంతలో ఆలస్యమైపోయిందంటూ, స్టాల్సు చూపించకుండానే ఆటగాళ్ళను కారు వైపు నడిపించారు.

"ఫహద్!" అని అరిచింది ప్రశాంతి. అక్కడున్న కుర్రకారంతా అదే పేరు అరుస్తోంది. ఎవరికి వినపడుతుంది?

"బాబూ, నేను వీరాయమ్మ కూతుర్ని!" గొంతు బొంగురుపోయింది. కారు తలుపు తెరిచారు. వాడు ఒక కాలు లోపల పెట్టేశాడు. దేవుడా, అయిపోయింది!

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఫోన్ మాట్లాడుతూ మాట్లాడుతూ అమ్మ మధ్యలో వాణ్ణి పిలిచే పిలుపు. విన్నప్పుడల్లా తను పళ్ళు నూరుకున్న పిలుపు.

"ఒరేయ్ బుజ్జులూ!"

బంగారరాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యయ్యో! గెస్టుగార్ని పట్టుకుని ఒరేయ్ అంటావేంటమ్మా! ఊరి పరువు తీసేసేవు!"

ఫహద్ కాలు వెనక్కి తీసుకున్నాడు. గిర్రున తిరిగాడు. అడ్డొచ్చినవాళ్ళను తోసుకుంటూ వచ్చి, ఒక్క గెంతులో తాడు దాటి ఆమె ముందు నిలబడ్డాడు.

"ప్రశాంతక్కా?" అన్నాడు తెలుగులో. "నువ్వు ప్రశాంతక్కవే కదా?"

"ఆయ్," అంది.

"అమ్మ నీ ఫోటో దిండు కింద పెట్టుకునేదక్కా. రోజూ తీసి నాకు చూపించేది."

అచ్చం అమ్మ మాటే. అదే యాస, అదే సాగదీత. ఇన్నేళ్ళ కోపం ఎటు పోయిందో పోయింది. వాడి మొహం వెలిగిపోతోంది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. తప్పు చేసినవాడు ఇలా నవ్వడు. చావు కబురు తెచ్చినవాడు ఇలా అసలే నవ్వడు. అమ్మ బతికే ఉంది! ప్రశాంతి వాడి రెండు చేతులూ పట్టుకుని, "చెప్పు తమ్ముడూ, చెప్పు!" అంది వెక్కుతూ.

వాడు ఆమె భుజం మీదుగా జనంలోకి ఆత్రంగా చూస్తూ, "నేను ట్రైనింగుకెళ్ళినప్పుడు అమ్మని మీ ఇంటికి పంపించేసేమన్నారక్కా మా నాన్నోళ్ళు, చూసి నాలుగేళ్ళయిపోయింది, ఏదీ అమ్మ, నీతో రాలేదా?" అన్నాడు.