పది మీటర్ల అనుమానం

షాపాయన టార్గెట్ కాగితాన్ని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకున్నాడు. అయిదు రంధ్రాలు, అయిదూ అయిదు దిక్కుల.

"ఇది మీ అక్క కాల్చిందేనా?"

"నా కళ్ల ముందే కాల్చింది బావా," అన్నాడు కౌంటర్లో ఉన్న బావమరిది. "చెయ్యి వణకలేదు, ఊపిరి తప్పలేదు."

చెయ్యి బాగుంటే రైఫిలైనా చెడాలి, అందులో వేసే పెల్లెట్ గుండైనా చెడాలి. మూడో లెక్క లేదు. ఎయిర్ రైఫిళ్లూ పెల్లెట్లూ అమ్మి పదిహేనేళ్లుగా బతుకుతున్న మనిషికి ఆమాత్రం తెలుసు. షాపు వెనక గదిలో, పది మీటర్ల దూరాన, భార్య రైఫిల్‌ని బల్లకు బిగించాడు. ఏ రైఫిల్ గొట్టానికి ఏ పెల్లెట్ కుదురుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. ఈ గొట్టం కోసం ఆయన ఏడు రకాలు కాల్చి, ఒకటి ఖాయం చేశాడు. ఆ డబ్బాలోంచి అయిదు కాల్చాడు. అయిదూ ఒకే రంధ్రంలో దూరాయి.

రైఫిల్ చెడలేదు. పెల్లెటే మారింది.

టార్గెట్ వెనక పెట్టెలో వెతికితే చితికిన పెల్లెట్ ఒకటి తళతళా మెరుస్తూ దొరికింది. సీసంలా వేలికి మసి అంటలేదు. తూచి చూస్తే తన సరుకు కంటే పావు వంతు తేలిక.

"తగరం! మన షాపులో అంతా సీసమే. ఇది ఎదురు షాపు సరుకు. డబ్బా ఎవరు మార్చారు?"

"నన్నెందుకు అలా చూస్తావు బావా? ఆదివారం సెలెక్షన్. అక్క షూటింగ్ టీములోకి వెళ్తే నాకు మాత్రం గొప్ప కాదా?"

"నిన్నేమైనా అన్నానా? అప్పుడే చెమటలు పడుతున్నాయే!"

నాలుగేళ్లుగా ఆమె చివరి మెట్టు మీదే ఆగిపోతోంది. ఈ ఏడు తప్పితే వయసు దాటిందంటారు. ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే చోటు పోయినట్టే.

సాయంత్రం భార్య బ్యాగు తెరిచి చూశాడు. నాలుగు డబ్బాలు. నాలుగింటి మీదా ఎదురు షాపు స్టిక్కరే.

మార్చింది ఆమేనన్నమాట. ఆయన మనసులో కూడిక మొదలైంది. వంకర పెల్లెట్లు ఏరేటప్పుడు పక్కన కూర్చోవడం మానేసింది. గొట్టం తుడిచే పని తమ్ముడికి అప్పజెప్పింది. ఎదురు షాపువాడు నిన్న ఎన్నడూ లేనిది చెయ్యెత్తి నవ్వాడు. మొత్తం ఎంత తేలింది? ఆదివారం ఆమె గెలిస్తే ఫొటో వాడి బోర్డు మీదకెక్కుతుంది.

ఆమె వెనక గదిలోంచి రాగానే డబ్బాలు ముందు పెట్టాడు.

"మన సరుకు మీద నమ్మకం పోయిందా?"

"లేదండీ."

"మరి వాడేం ఆశ చూపించాడు?"

"ఆశా లేదు, దోసా లేదు. తగరంలో మన గొట్టానికి కుదిరేది వెతుక్కుంటున్నా. మూడు రకాలు చెదిరిపోయాయి. నాలుగోది చూడండి."

కాగితం అందించింది. అయిదు రంధ్రాలూ చొక్కా గుండీ కింద దాగేలా ఉన్నాయి. ఆయన దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"మన పెల్లెట్ అంతకన్నా దగ్గరగా పడుతుందిగా! చేతిలో ఉన్నది వదిలేసి ఈ అవస్థ దేనికి?"

"నేను సీసం ముట్టుకోకూడదట."

"ఇది వాడి ప్రచారమే! సరుకు అమ్ముకోవడానికి ఎంతకైనా తెగిస్తాడు!"

"చెప్పింది ఆయన కాదు, డాక్టరు."

"పదిహేనేళ్లుగా నేను ముట్టుకుంటున్నా. నాకేమైంది?"

"మీరూ చేతులు కడుక్కుంటే మంచిదే. కానీ నా సంగతి వేరు."

"జబ్బేమైనా చేసిందా?"

"జబ్బు కాదు."

"మరి నా దగ్గరెందుకు దాచావు?"

"చెప్తే ఆదివారం నన్ను గడప దాటనిస్తారా? మీరూ, మీ అమ్మగారూ కలిసి మంచానికి కట్టేస్తారు."

"ఎందుకు కట్టేస్తాం? దొంగతనమేమైనా చేశావా?"

ఆమె నాలుగో డబ్బాను బ్యాగులో సర్దుకుని జిప్పు లాగింది.

"నాకిప్పుడు మూడో నెల."